గేటు దగ్గర ఆగిన పాట

నవంబరు 14, గురువారం, జెద్దా. హాజరైనవారు: నేను, మా అమ్మాయి షబానా, అల్లుడు ఇర్ఫాన్ (విరామం వరకే. తర్వాత ఆఫీసు నుంచి ఫోను వచ్చింది). ప్రయాణం కాగితాల పని వల్ల రాలేకపోయినవారు: నర్సయ్య. వచ్చి ఉండవలసినవారు: మొరిటా-సాన్.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. ఎక్కడికి వెళ్లినా ముందు తేదీ, తర్వాత ఉన్నవాళ్ల పేర్లు రాసుకోవడం నాకు పాత అలవాటు. లేనివాళ్ల పేర్లు రాయడం మాత్రం అలవాటు కాదు. ఆ రోజే మొదటిసారి రాశాను.

హాలులో దీపాలు ఆరిపోయాయి. ఏసీ చలికి షబానా తన శాలువా తీసి నా మోకాళ్ల మీద కప్పింది. చీకట్లో ఎవరో క్లారినెట్ మీద మూడు స్వరాలు ఊదారు. మూడే. వాటితోపాటు నాకు డీజిలు వాసన వచ్చింది. ఎర్రసముద్రపు తేమకు చెమర్చిన కారు అద్దం కనిపించింది. ఆ అద్దాన్ని పాతబనియను గుడ్డతో తుడుస్తున్న నర్సయ్య చెయ్యి కనిపించింది. వేదిక మీద ఇంకా ఎవరూ రాలేదు. నేను మాత్రం అప్పటికే రాబిగ్‌లో, పదిహేనేళ్ల వెనక, వెనక సీట్లో కూర్చుని ఉన్నాను.

న్యూయార్కులో బ్రాడ్వే అనే వీధి ఉందట. అక్కడ పుట్టిన పాటల నాటకాలను జపానువాళ్లు తమ భాషలోకి మార్చుకుని ఏళ్ల తరబడి ఆడుతూ ఉంటారు. అలాంటి బృందం ఒకటి నాలుగు రోజుల కోసం జెద్దాకు వచ్చింది. అమెరికా కథ, జపాను పాట, పక్కన తెరమీద అరబ్బీ అక్షరాలు, చూసేవాడు నంద్యాల మనిషి. విజిట్ వీసా మీద అమ్మాయి ఇంటికి వచ్చిన నాకు ఈ నాటకంతో ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. అమ్మాయి ఫోనులో ప్రకటన చూపించినప్పుడు అందులోని బొమ్మను వెంటనే గుర్తుపట్టాను. రేవులో పడవ, ఒడ్డున గొడుగు పట్టుకున్న మనిషి. మొరిటా-సాన్ పర్సులో నలిగిపోయిన పాత టిక్కెట్టు ముక్క మీద ఉన్నది ఇదే బొమ్మ. ఒక పాటలో రెండో సగం వినవలసిన బాకీ నాకు ఈ నాటకంతో ఉంది. నాకే కాదు, నర్సయ్యకు కూడా.

మొరిటా-సాన్, జెద్దాకు ఉత్తరాన రాబిగ్ రిఫైనరీ ప్లాంటులో మా మెయింటెనెన్సు విభాగానికి పెద్ద. 'సాన్' అంటే మన 'గారు' లాంటిది. ఎడమచేతికి రెండు గడియారాలు పెట్టుకునేవారు. ఒకటి సౌదీ సమయం, రెండోది జపాను సమయం. వచ్చిన కొత్తలో మేమంతా చాటుగా నవ్వుకున్నాం. తర్వాత తెలిసింది, రెండో గడియారం ఒసాకాలో జబ్బుతో ఉన్న ఆయన భార్య మందులు వేసుకునే వేళ చూసుకోవడానికని. ఆ వేళకు ఎంత పెద్ద మీటింగులో ఉన్నా ఒక్క క్షణం మాట ఆపి గడియారం చూసి, మళ్లీ మాట అందుకునేవారు.

నేను ఆయన దగ్గర లాగ్ రాసే గుమాస్తాను. ఏ షిఫ్టులో ఏ పంపు విప్పారు, ఏ వాల్వు మార్చారు, తర్వాతి షిఫ్టువాళ్లు ఏం చూసుకోవాలి, అన్నీ ఆ పుస్తకంలో ఎక్కించాలి. ఆయన వచ్చాక ప్రతి పేజీ అడుగున కొత్తగా ఒక గడి గీయించారు. దాని పేరు 'నొకోరి'. మిగిలినది అని అర్థం. మొదటి నెలలో ఒక రోజు నేను ఆ గడిలో 'ఏమీ లేదు' అని రాసి, గీత కొట్టి, సంతకం పెట్టాను. మర్నాడు పొద్దున ఆయన పుస్తకం చేతపట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు. మా ఇద్దరి ఇంగ్లీషూ కుంటిదే. అందుకే ఒకరి మాట ఒకరికి చక్కగా అర్థమయ్యేది.

"బాషా-సాన్, నిన్న ఏమీ మిగల్లేదా?"

"లేదు సార్. పని మొత్తం పూర్తయింది."

"చాలా సంతోషం. పదండి, పూర్తయిన పని ఎలా ఉంటుందో చూసొద్దాం."

ఆగస్టు ఎండ. తీసుకెళ్లి ఆ పంపు ముందు నిలబెట్టారు. తనూ పక్కనే నిలబడ్డారు. ఏమీ అనరు, చూపించరు. చెమట కళ్లలోకి దిగుతోంది. చాలాసేపటికి నాకు పంపు దిమ్మ మీద ఎవరో మరిచిపోయిన చేతితొడుగు కనిపించింది. ఇంకాసేపటికి, వాల్వుకు ఉండవలసిన నంబరు బిళ్ల లేదని తెలిసింది. వంగి చూస్తే అడుగున బొట్టు బొట్టుగా నూనె. "మూడు మిగిలాయి సార్" అన్నాను తలవంచుకుని. ఆయన తల అడ్డంగా ఊపి నాలుగు వేళ్లు చూపించారు. నాలుగోది ఎంత వెతికినా నాకు దొరకలేదు.

"రేపు ఎవరో ఒకరు వచ్చి ఈ పంపును మళ్లీ చూడాలి. అది ఎప్పుడూ మిగిలే ఉంటుంది. ఏమీ మిగల్లేదని మీరు రాస్తే, తర్వాతవాడు ఎందుకు వస్తాడు బాషా-సాన్?"

తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు. ఆ రోజు నుంచి లాగ్ పుస్తకంలోనే కాదు, నా సొంత డైరీలో కూడా ప్రతి పేజీ అడుగున 'మిగిలినది' అని ఒక వరుస రాయడం మొదలుపెట్టాను. కొన్నిసార్లు 'షబానా ఫీజు' అని ఉంటుంది. కొన్నిసార్లు 'అమ్మకు ఫోను'. అమ్మ పోయిన రోజున ఏం రాయాలో తెలియక పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చివరికి 'అమ్మ చెప్పిన అల్లం చెట్నీ, ఒకసారి చేసి చూడాలి' అని రాశాను. అది చేయడానికి ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లూ అమ్మతో నాకు ఒక పని మిగిలే ఉంది.

క్యాంపు నుంచి ప్లాంటుకు రోజూ ఒకే కారులో వెళ్లేవాళ్లం. నడిపేది నర్సయ్య. జగిత్యాల దగ్గరి పల్లె. కంపెనీలో హెల్పరుగా చేరి, లైసెన్సు తీసుకుని డ్రైవరయ్యాడు. మొరిటా-సాన్‌కు తెలుగు నేర్పాలని నేను మనసులో అనుకుంటూ ఉండగానే నర్సయ్య నేర్పేశాడు. పొద్దున ఆరుంబావుకు మొరిటా-సాన్ కారు తలుపు వేసుకుని, అచ్చం జగిత్యాల యాసలో "పోదాం పా" అనేవారు. నర్సయ్య అద్దంలోంచి నా వంక చూసి కన్నుగొట్టేవాడు. "సూసిండ్రా సార్, మీ నంద్యాల తెలుగు కంటె మాదే సాఫ్‌గ వస్తది జపానోళ్లకు" అని పొడిచేవాడు.

దారిలో కొంతదూరం వెళ్లాక మొరిటా-సాన్ కిటికీ వైపు తిరిగి, దాదాపు తనలో తాను, పాట అందుకునేవారు. రోజూ అదే పాట. పడవ తప్పిపోయిన మనిషి రేవు దగ్గర నిలబడి పాడే పాట అని ఒకసారి చెప్పారు. అవతలి ఒడ్డున అతని మనిషి ఉంది. రోజూ వస్తాడు, రోజూ ఏదో ఒక కారణంతో పడవ తప్పిపోతుంది. పాట కిందినుంచి మెల్లగా మెట్టుమెట్టుగా ఎక్కుతుంది. బాగా పైకి వెళ్లాక, ఇక దిగడమే తరువాయి అనుకునే చోట, ప్లాంటు గేటు వచ్చేది. ఆయన ఠక్కున ఆపి మెడలో పాసు సర్దుకునేవారు.

"గేటొచ్చింది, మన పాటగాడు బంద్ వెట్టిండు" అనేవాడు నర్సయ్య. ఒకసారి ఉండబట్టలేక వచ్చీరాని ఇంగ్లీషులో అడిగేశాడు. "సార్, గీ పాటకు తోక లేదా?"

మొరిటా-సాన్ చాలా గంభీరంగా చెప్పారు. "ఉంది. ఇది సగం. మిగతా సగం కారులో పాడేది కాదు, నాటకశాలలో వినాలి. ఒసాకా రండి, ఇద్దరినీ తీసుకెళ్తాను."

ఎనిమిదేళ్లు ఆ సగమే విన్నాం. ఆ చివరి స్వరం దగ్గర, మెట్టెక్కబోయి ఒక కాలు గాలిలో ఉండిపోయినట్టు ఉండేది మాకు. సెలవు రోజున కూడా నర్సయ్య గదిలో గిన్నెలు కడుగుతూ దాన్ని కూనిరాగం తీసి, అక్కడికి రాగానే ఆగి, "థూ, మల్ల గాడనే" అనేవాడు.

రెండు మూడు నెలలకొకసారి శుక్రవారం నాడు నేను మక్కాకు వెళ్లేవాణ్ని. వాళ్లిద్దరూ జెద్దా దాకా తోడు వచ్చేవారు. ముస్లిములు కానివాళ్లకు మక్కాలో ప్రవేశం లేదు కనుక జెద్దా పాతబస్తీ బలద్‌లో నేను దిగి టాక్సీ ఎక్కేవాణ్ని. సాయంత్రం నేను తిరిగి వచ్చేవరకు వాళ్లు బలద్ సందుల్లో తిరిగి, ఒక టీకొట్టు బెంచీ మీద కూర్చుని ఉండేవారు. నేను మక్కా నుంచి తెచ్చిన జంజం బావి నీళ్ల సీసా మూత మొరిటా-సాన్ రెండు చేతులతో తీసేవారు. "ఇప్పుడు చెప్పండి. మొదట ఏం కనిపించింది?" అని అడిగేవారు. నేను చెప్పేవాణ్ని. ఆయన తొందరపెట్టకుండా, ఒక మాటకు ఇంకో మాట జోడించుకుంటూ వినేవారు. మనం చూసినదాన్ని ఇంకొకరు అంత ఇష్టంగా వింటే, మరోసారి వెళ్లినప్పుడు ఇంకాస్త జాగ్రత్తగా చూస్తాం. నా ప్రార్థనకు శ్రద్ధ నేర్పినవారిలో, ఆ ఊరి పొలిమేర కూడా తొక్కని ఆయన ఒకరు.

ఒకసారి ఆ బెంచీ మీదే పర్సు తీసి టిక్కెట్టు ముక్క చూపించారు. పెళ్లికి ముందు ఆమెతో కలిసి చూసిన నాటకం. "మా ఆవిడకు ఆ పాటంటే కోపం. రైల్లో ఇంటికి వచ్చేదాకా, ఇదేం పాట, ఇదేం పాట అని గొణుగుతూనే ఉంది. అప్పుడే అనుకున్నాను, ఈ అమ్మాయినే చేసుకోవాలని" అన్నారు. నేనూ నర్సయ్యా నవ్వాం. కోపానికీ పెళ్లికీ ఏం సంబంధమో మా ఇద్దరికీ తెలియలేదు. డైరీలో మాత్రం ఉన్నదున్నట్టు రాసుకున్నాను.

ఆమె జబ్బు ముదిరిందని కబురు రావడంతో ఆయన గడువుకు ముందే ఉద్యోగం వదిలేశారు. విమానాశ్రయానికి కూడా అదే కారు, అదే మేము. ఆ రోజు జెద్దా దగ్గర పడ్డాక పాట అందుకున్నారు. పాట ఆ పైమెట్టు చేరుతుండగా అన్నాను. "సార్, ఈ రోజు ప్లాంటు గేటు లేదు. మిగతాది పాడండి." ఆయన పాడుతూనే చెయ్యెత్తి ముందుకు చూపించారు. ప్రయాణికులను దించే చోట అద్దాల తలుపులు కనిపిస్తున్నాయి. "గేటు ఉంది బాషా-సాన్" అని ఆపేశారు. దిగి, మా ఇద్దరి ముందు నడుము దాకా వంగి, "ఒసాకా రావాలి. మిగిలింది" అన్నారు. నర్సయ్య వంగడం రాక రెండు చేతులూ జోడించి, "పోదాం పా అనుండ్రి సార్ ఒక్కసారి" అన్నాడు. అన్నారు. అని లోపలికి వెళ్లిపోయారు.

తర్వాత ఏటా కొత్త సంవత్సరానికి కార్డు వచ్చేది. భార్య పోయిన సంగతి కూడా కార్డు మీదే, రెండు వాక్యాల్లో. ప్రతి కార్డు అడుగున 'నొకోరి: ఒసాకా'. నేను రిటైరై నంద్యాల చేరాక కూడా వచ్చాయి. నాలుగేళ్లుగా రావడం లేదు. రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. మూడోది రాయలేదు. నర్సయ్య ఫోను చేసినప్పుడల్లా, "మన పాటగాని ముచ్చటేమన్న తెలిసిందా సార్?" అని అడుగుతాడు. తెలుసుకోవాలంటే దారులు లేకపోలేదు. పాత కంపెనీలో ఎవరినైనా అడగవచ్చు. అడగలేదు. ఒసాకాకు వెళ్లే స్తోమత వచ్చేసరికి మోకాళ్లు పోయాయి, వెళ్లి ఎవరి తలుపు తట్టాలో కూడా తెలియని స్థితి వచ్చింది. నాలుగేళ్లుగా డిసెంబరు చివరి పేజీలో ఒకే వరుస: 'మిగిలినది: మొరిటా-సాన్‌కు ఉత్తరం'.

అందుకే ఆ గురువారం హాలులో మోకాళ్ల మీద శాలువాతో, చేతులు కట్టుకుని, పరీక్షకు వచ్చినవాడిలా కూర్చున్నాను. పక్క తెర మీది అక్షరాలు చూడలేదు. విరామం తర్వాత మూడో దృశ్యంలో రేవు వచ్చింది. పడవ వెళ్లిపోయింది. గొడుగు మనిషి కటకటాల తలుపు పట్టుకుని నిలబడ్డాడు. క్లారినెట్ మళ్లీ ఆ మూడు స్వరాలూ ఊదింది. అతను పాడాడు. మంచి గొంతు, మొరిటా-సాన్ గొంతు కంటే వంద రెట్లు మంచిది. అయినా నాకు కిటికీ వైపు తిరిగిన ఆ బొంగురు గొంతే వినిపిస్తోంది. పాట మెట్టుమెట్టుగా ఎక్కింది. పైమెట్టు వచ్చింది. ఇప్పుడు, అనుకున్నాను.

అతను అక్కడే ఆపేశాడు. దీపాలు ఆరాయి. హాలంతా చప్పట్లు.

ఇంకా ఉందేమో, మధ్యలో విరుపేమో అనుకున్నాను. తర్వాతి దృశ్యం పెళ్లి విందు. ఆ తర్వాతిది తుఫాను. నాటకం అయిపోయేదాకా ఎదురుచూశాను. ఆ పాట మళ్లీ రాలేదు. బయట హాలులో పుస్తకాలు అమ్ముతున్న జపాను అమ్మాయిని షబానా చేత అడిగించాను, ఇక్కడి కోసం ఆ పాటను కత్తిరించారా అని. ఆ అమ్మాయి నవ్వి, లేదండీ, ఆ పాట మొత్తం అంతే, ఎక్కడ ఆడినా అక్కడే ఆగుతుంది, చాలామంది ఇలాగే అడుగుతారు అంది. ఇదేం పాట అని రైల్లో గొణిగిన ఒక ఆడపిల్ల నాకు అప్పుడు కనిపించింది.

"ఏంది నాయనా, ఏడుస్తాండావా?" అంది షబానా.

"లేదమ్మా. లోపల చలి."

"చలికి కండ్లల్లో నీళ్లొస్తాయా ఎవరికన్నా? రా, నా చెయ్యి పట్టుకో. మెట్లుండాయి."

మర్నాడు శుక్రవారం. తెల్లవారుజాము ఫజర్ నమాజు అయ్యాక పెట్టెలోంచి పాత డైరీ తీశాను. రాబిగ్ రోజులవాటిలో ఒకటి వెంట తెచ్చుకున్నాను. కారు ఎన్నింటికి బయలుదేరింది, పాట ఎక్కడ మొదలైంది, గేటు ఎన్నింటికి చేరాం, అన్నీ ఉన్నాయి అందులో. మామూలు రోజుల్లో పెట్రోలు బంకు దగ్గర మొదలుపెట్టారు. గేటు ముందు బండ్ల వరుస ఉన్న రోజుల్లో, ఆ వరుసలో నిలబడ్డాక మొదలుపెట్టారు. ఇసుకగాలికి కారు నత్తలా నడిచిన రోజున, గేటు దీపాలు కనిపించేదాకా నోరు విప్పలేదు. గేటు వచ్చి పాట ఆగిపోలేదు. పాట అయిపోయే చోటికి గేటు వచ్చేలా చూసుకున్నారు. ఎనిమిదేళ్ల పాటు, ప్రతి రోజూ, ఆ మనిషి మా ఇద్దరి కోసం లేని సగాన్ని మిగిల్చి ఉంచారు. అన్నీ రాసుకున్నవాణ్ని నేనే. ఒక్కసారి కూడా చదవలేదు.

తొమ్మిదింటికి నర్సయ్య వచ్చాడు. ఇరవై ఆరేళ్ల ఉద్యోగం ముగించుకుని ఆదివారం విమానానికి ఇంటికి పోతున్నాడు, ఇక తిరిగి రాకుండా. బలద్‌లో సామాను కొనుక్కోవడానికి వచ్చి ముందు మా ఇంట్లో దిగాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు. షబానా ఇచ్చిన టీ గ్లాసు ముట్టకుండానే అడిగాడు.

"చెప్పుండ్రి సార్. మిగిలిన సగం ఎట్లుంది?"

నేను కళ్లజోడు తుడుచుకున్నాను. "ముందు నీ సంగతి చెప్పు. అన్నీ అయినాయా?"

"అయినయి సార్. ఫైనల్ ఎగ్జిట్ కొట్టిండ్రు. రూం ఖాళీ జేసిన. బండి తాళం ఇచ్చేసిన. మొన్న పొద్దుగాల లేసి ఆరుంబావుకు గేటు కాడికి నడుసుకుంట పోయిన, ఊకెనే. పాసు లేదు గద, బయట్నే నిలవడి వచ్చిన." నవ్వబోయాడు, రాలేదు. "ఇగ ఏం మిగల్లే సార్. గా పాట ముక్క ఒక్కటే. అదిట్ల ఇనిపిస్తిరంటే, ఖతం."

ఏమీ మిగల్లేదు. ఆ మాట ఎవరి నోటైనా వింటే నాకు ఆగస్టు ఎండలో పంపు ముందు నిలబడ్డట్టు ఉంటుంది. నేను అబద్ధం ఆడే మనిషిని కాను. నిజం నాలుక చివర దాకా వచ్చింది. నర్సయ్య కవరును మడిచి విప్పుతున్నాడు, విప్పి మడుస్తున్నాడు.

"విన్నాను నర్సయ్యా. కానీ అది ఇట్లా టీ తాగుతూ పాడేది కాదు" అన్నాను. "జగిత్యాల వచ్చి పాడతాను. చలి తగ్గాక."

అతను కవరు మడవడం ఆపి నా మొహం వంక చూశాడు.

"మీరు? గా మోకాళ్లతోని? మా ఊరికి?"

"బస్సు ఉండదా మీ ఊరికి?"

"బస్సెందుకు సార్, నేనే బండి వెట్టుకొని స్టేషనుకొస్త." టీ గ్లాసు దగ్గరికి జరుపుకున్నాడు. "మీరు గూడ మొరిటా సార్ లెక్కనే తిప్పుతుండ్రు గద నన్ను."

నేను డైరీ దగ్గరికి లాక్కున్నాను. అతను మళ్లీ అడగలేదు. చల్లారిన టీని ఒక్క గుక్కలో తాగి లేచాడు. బలద్‌కు తోడు రమ్మన్నాడు, మనవరాలికి గాజులు ఎంచాలట. నేను ఈ ఏటి డైరీ తెరిచి ఆ రోజు పేజీ అడుగున 'మిగిలినది' ఎదురుగా రెండు మాటలు రాశాను. జగిత్యాల. ఒసాకాకు ఉత్తరం. పెన్నుకు మూత పెట్టి తల ఎత్తేసరికి నర్సయ్య నా చెప్పులు తెచ్చి గుమ్మం ముందు పెట్టి ఉన్నాడు.

"పోదాం పా" అన్నాను.